కింది ఇంటి నుంచి వచ్చిన చీటీ: జర్మనీలో మన మొహమాటాన్ని ఎంతవరకు ఉంచుకోవాలి?

ఖమ్మం కోడలు:

అందరికీ నమస్కారం. మేము సెప్టెంబరు నుంచి స్టుట్‌గార్ట్ శివారులోని ఒక మూడంతస్తుల ఇంట్లో అద్దెకు ఉంటున్నాము. మావారు కార్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థలో పనిచేస్తున్నారు. నేను ప్రస్తుతానికి జర్మన్ తరగతులకు వెళ్తూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. చలికి, నాలుగున్నరకే కమ్ముకొచ్చే చీకటికి, భాషకు సిద్ధపడే వచ్చాము. సిద్ధపడనివి చాలా చిన్న విషయాలు. వాటి గురించే పెద్దలను అడగాలనుకుంటున్నాను.

మూడు వారాల క్రితం మా ఉత్తరాల పెట్టెలో ఒక చీటీ కనిపించింది. నాలుగు మడతలు పెట్టిన గళ్ళ కాగితం మీద, నాలాంటి కొత్తవారికి అర్థం కావాలని కాబోలు, నీలం సిరాతో ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాసి ఉంది. ఆదివారాలలోనూ రాత్రి పొద్దుపోయిన తరువాతా మా ఇంట్లోంచి వచ్చే చప్పుడు కింది ఇంట్లో వినిపిస్తోందని, దయచేసి గమనించవలసిందని దాని సారాంశం. చివర ‘స్నేహపూర్వక నమస్కారాలతో’ అని, కింద ఇంటిపేరు. రాసినావిడకు డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నవ్వుతూ పలకరిస్తారు. చీటీ పెట్టిన మర్నాడు కూడా ఏమీ జరగనట్టే నవ్వి పలకరించారు. నిజం చెప్పాలంటే నాకు చీటీకన్నా ఆ నవ్వే ఎక్కువ బాధ కలిగించింది. ఎదురుపడి ఒక్క మాట చెబితే సరిపోయేది కదా అనిపించింది.

ఆ రోజు నుంచి ప్రెషర్ కుక్కర్ వాడటం మానేశాను. కందిపప్పును నానబెట్టి విడిగా గిన్నెలో ఉడకబెడుతున్నాను. అయినా ముప్పావు గంట పడుతోంది.

ఇదొక్కటే అయితే అడిగేదాన్ని కాదు. మావారి సహోద్యోగి ఒకరు ఆదివారం మధ్యాహ్నం కాఫీకి పిలిస్తే వెళ్ళాము. కాఫీ తీసుకుంటారా అని ఆయన భార్య అడిగారు. అలవాటుకొద్దీ ‘ఇప్పుడు వద్దండీ, పర్వాలేదు’ అన్నాను. ఆవిడ ‘సరే’ అని మిగిలినవారికి పోసి, కెటిల్ లోపల పెట్టేశారు. రెండు గంటలపాటు మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాను. ఇక మావారి సంగతి. గురువారానికి పని పూర్తవుతుందా అని మేనేజరు అడిగితే, కుదరదని ముఖం మీద చెప్పలేక, తల ఆడించి ‘ప్రయత్నిస్తాను’ అన్నారట. గురువారం నాడు అందరి ముందూ ‘మీరు అవుతుందన్నారు కదా’ అని మేనేజరు అడిగేసరికి ఈయనకు తల కొట్టేసినంత పనైంది.

ఇవన్నీ వేరువేరు సంగతులా, లేక వీటన్నిటికీ మూలం ఒకటేనా? ఆ చీటీకి ఎలా జవాబివ్వాలి? మిఠాయి పట్టుకెళ్ళి క్షమాపణ చెప్పాలా, ఊరుకోవాలా? మనం ఎంతవరకు మారాలి?

నెకార్ ఒడ్డు:

అమ్మా, నేను తెనాలి నుంచి వచ్చి ఈ ప్రాంతంలోనే పదకొండేళ్ళుగా ఉంటున్నాను కనుక కాస్త వివరంగా రాస్తాను. అంతకన్నా ముందు ఒక ప్రశ్న. ఆవిడ రాసింది ‘చప్పుడు’ అని మాత్రమేనా, లేక కుక్కర్ అని రాశారా? మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆవిడ ఏ చప్పుడో చెప్పలేదు, మీరూ అడగలేదు, మీ అంతట మీరే నిర్ణయించుకుని పప్పుకు శిక్ష వేశారు. కుక్కర్ కూత గాలిలో వెళ్ళేది, నాలుగు క్షణాల్లో ఆగిపోయేది. కింది ఇంటివారిని బాధపెట్టేవి సాధారణంగా నేలను తాకి ఉండే వస్తువులు. బట్టల యంత్రం పిండే దశలో అదిరే అదురు, కుర్చీ కాళ్ళ గీకుడు, మడమలు నేలకు కొట్టుకునేలా నడవడం కాంక్రీటు గుండా సూటిగా కింది ఇంటి పైకప్పుకు చేరుతాయి. మీ ఇంట్లో అలాంటిది ఏముందో ఒకసారి ఆలోచించండి.

ఆదివారం సంగతి చెబుతాను. దాన్ని ఆవిడ చాదస్తంగా చూడకండి. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలన్న మాట 1919 నాటి వైమర్ రాజ్యాంగంలో ఉంది. 1949లో వచ్చిన ఇప్పటి రాజ్యాంగం ఆ నిబంధనను అలాగే తనలో కలుపుకుంది. అందుకే ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి. రొట్టెల దుకాణం కొన్ని గంటలు తెరుస్తారు, రైల్వే స్టేషన్లలోనూ పెట్రోలు బంకుల్లోనూ ఏదో ఒకటి దొరుకుతుంది. నివాస ప్రాంతాల్లో ఆ రోజు గడ్డి కోసే యంత్రం నడపరాదు, గోడకు డ్రిల్లు వేయరాదు, ఖాళీ సీసాలను వీధి చివరి గాజు తొట్టిలో పడేయడం కూడా కూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం. కొన్ని ఇళ్ళలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు కూడా నిశ్శబ్దం పాటిస్తారు కానీ, అది ఆయా ఇళ్ళ నియమావళిని బట్టి ఉంటుంది. మీ అద్దె ఒప్పందానికి ‘హౌస్‌ఓర్డ్‌నుంగ్’, అంటే ఇంటి నియమావళి, అనే నాలుగైదు పేజీల కాగితం జతచేసి ఉంటుంది. మనలో చాలామంది దాన్ని చదవకుండానే సంతకం పెడతాము, నేనూ అలాగే పెట్టాను.

చీటీ రాయడాన్ని మీరు ముఖం చాటేయడంగా తీసుకున్నారు. నాకూ మొదట్లో అలాగే అనిపించేది. తరువాత అర్థమైంది, ఆవిడ లెక్కలో అది మీకు ఇచ్చిన మర్యాద. తలుపు తట్టి చెబితే మీరు అప్పటికప్పుడు తడబడుతూ జర్మన్‌లో జవాబు చెప్పుకోవలసి వస్తుంది. కాగితమైతే తీరిగ్గా చదువుకుంటారు, నిఘంటువు చూసుకుంటారు. మర్నాడు నవ్వడం కూడా నటన కాదు. చెప్పవలసింది చెప్పేశారు కనుక ఆవిడ మనసులో ఇక ఏమీ లేదు. మనకు మాట పడితే మూడు నెలలు ముఖం ముడుచుకోవడం అలవాటు. వారికి విషయం వేరు, మనిషి వేరు.

ఇంకొక మాట, ఇది మాత్రం అత్యవసరం. ఈ చలిలో కిటికీలు బిగించుకుని ముప్పావు గంటసేపు మూతలేని గిన్నెలో పప్పు ఉడికిస్తున్నారంటే, ఆవిరంతా గోడలకే పడుతుంది. బట్టలు కూడా ఇంట్లోనే ఆరేస్తూ ఉంటారు. జనవరి నాటికి పడకగది కిటికీ మూలల్లో నల్లటి బూజు మచ్చలు మొదలవుతాయి, అప్పుడు వచ్చే ఉత్తరం ఇంటి యజమాని నుంచి వస్తుంది. రోజుకు మూడు నాలుగు సార్లు కిటికీలన్నీ బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచి మూసేయండి. దీన్ని వీరు ‘ష్టోస్‌ల్యూఫ్టెన్’ అంటారు. కిటికీని పైన కొద్దిగా వాల్చి రోజంతా వదిలేయడం వల్ల గోడలు చల్లబడతాయి తప్ప తేమ పోదు. తిరగమోత పెట్టేటప్పుడు వంటగది తలుపు మూయడం మరిచిపోకండి. నడవాలో పొగను పసిగట్టే అలారం ఉంటుంది, దానికి ఎండుమిరపకాయల ఘాటు మీద ప్రత్యేకమైన కక్ష ఉందేమోనని నాకు ఎప్పుడూ అనుమానం.

చివరగా, మీకు ‘కేర్‌వోఖె’ వంతు వచ్చిందా? ఇది స్వాబియా ప్రాంతపు ఆచారం. ఇంట్లోని అద్దెదారులు వారానికొకరు చొప్పున మెట్లు, నేలమాళిగ, ఇంటి ముందరి కాలిబాట ఊడ్చి శుభ్రం చేయాలి. వుర్టెంబెర్గ్ డ్యూకు ఎబర్‌హార్డ్ లూడ్విగ్ 1714లో వీధుల శుభ్రత గురించి ఉత్తర్వు జారీ చేశాడు. ఈ అలవాటు అంత పాతది. ఎవరి వంతో వారి తలుపు పిడికి ఒక చిన్న పలక తగిలిస్తారు. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టిన మనిషి ఆవిడ. శనివారం సాయంత్రం దాకా ఊడ్వకుండా ఆగడమేమిటన్నదే ఆవిడకు అర్థం కాలేదు.

మ్యూనిక్ మాస్టారు:

నెకార్ ఒడ్డు గారు ఇంటి సంగతి చెప్పారు కనుక నేను కాఫీ గురించి, ‘ప్రయత్నిస్తాను’ గురించి రాస్తాను. నా దృష్టిలో ఆ రెండూ ఒకటే, వాటికి పేరు మొహమాటం.

మన ఇళ్ళలో ‘వద్దు’ అనేది సంభాషణకు ఆరంభం. అతిథి వద్దంటాడు, గృహిణి ‘అయ్యో, కొంచెమే’ అంటుంది, అతిథి ఇంకొకసారి వద్దంటాడు, అప్పటికి గ్లాసు చేతిలోకి వచ్చేస్తుంది. ఈ మూడు విడతల ఆట ఇద్దరికీ తెలుసు కనుక ఎవరూ ఆకలితో లేచి వెళ్ళరు. ఇక్కడ రెండో విడత లేదు. వద్దన్న మనిషికి మళ్ళీ పోయడమంటే, నీ మాట నేను నమ్మలేదు అని చెప్పడమే. ఆవిడ మీకు కాఫీ పోయకపోవడం మీ మాటకు ఇచ్చిన గౌరవం. ఆ గౌరవం తలనొప్పిని తగ్గించదన్న సంగతి నాకూ తెలుసు.

దీనికి అవతలి వైపు నుంచి కూడా ఒక అనుభవం ఉంది. మా పొరుగు దంపతులను భోజనానికి పిలిచాము. గుత్తివంకాయ కూర బాగుందన్నాడాయన. నా శ్రీమతి మారు వడ్డించింది. ఆయన కంచం ఖాళీ చేసి, ఇక చాలన్నాడు. చాలనడం మనకు మొహమాటమే కదా, ఆమె ఇంకో రెండు కాయలు వేసింది. కంచంలో వదిలేయడం అమర్యాద అని ఆయన పెంపకం, ఖాళీ కంచం కనిపిస్తే వడ్డించాలని ఈమె పెంపకం. ఐదో వంకాయ దగ్గర ఆయన భార్య నెమ్మదిగా ఆయన కంచం మీద అడ్డంగా చెయ్యి పెట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో గిన్నెలన్నీ బల్ల మధ్యన ఉంటాయి, ఎవరికి కావలసింది వారు వడ్డించుకుంటారు.

ఇక ఆఫీసు. మీవారి మేనేజరు కోపంతో అలా అడిగి ఉండరు. మనం పక్కలకు తల ఆడించే తీరును వీరిలో కొందరు ‘కాదు’ అనుకుంటారు, కొందరు ‘ఏమో’ అనుకుంటారు. దానికి తోడు ‘ప్రయత్నిస్తాను’ అన్న మాటను చేస్తానన్న ఒప్పందంగా రాసుకుంటారు. మన భాషలో ‘చూద్దాం’, ‘ప్రయత్నిస్తాను’ అనేవి చాలాసార్లు కుదరదనడానికి నాజూకైన రూపాలు. ఆ నాజూకు అనువాదంలో నిలవదు. గురువారానికి కుదరదు, వచ్చే మంగళవారానికి ఇస్తాను, కారణం ఇదీ అని సోమవారమే చెబితే ఎవరూ తప్పు పట్టరు. చివరి రోజున తెలియడమే వారికి నచ్చదు. మొదటిసారి నేను ఒక పై అధికారితో ‘లేదు, ఇది సాధ్యం కాదు’ అన్నప్పుడు నా చెవులు వేడెక్కాయి. ఆయన ‘మంచిది’ అని తేదీ మార్చి రాసుకుని, మధ్యాహ్న భోజనానికి వస్తావా అని అడిగాడు.

మన తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. జర్మన్‌లో మర్యాదకు వాడే ‘జీ’, చనువుకు వాడే ‘డూ’ల మధ్య తేడా మనకు ‘మీరు’, ‘నువ్వు’ల వల్ల వెంటనే పట్టుబడుతుంది. పెద్దవారో పై స్థానంలోని వారో ముందుగా ‘డూ’ అందామా అని అడిగేదాకా ఆగితే చాలు. అయితే పక్కింటావిడను ‘ఆంటీ’ అనలేము. ‘ఫ్రావ్’ అని ఇంటిపేరుతో పిలవడం ఎంత కృతకంగా అనిపించినా అదే వారి ‘గారు’.

మాగ్డెబుర్గ్ విద్యార్థి:

అక్కా, ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది, మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడి అపార్టుమెంట్లకు ఫ్లాటు నంబరు వేసి ఉత్తరాలు పంపరు. ఉత్తరాల పెట్టె మీద ఉన్న ఇంటిపేరును చూసి వేస్తారు. మన పాస్‌పోర్టుల్లో భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉండటం, కొందరికి అసలు పేరే ఇంటిపేరు గడిలో పడటం మామూలే. పెట్టె మీద మీవారి పేరు ఒక్కటే ఉంటే మీ పేరున వచ్చే బ్యాంకు కార్డు, ఇంటర్వ్యూ ఉత్తరం వెనక్కి వెళ్ళిపోతాయి. రెండు పేర్లూ ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి.

అలాగే, పుట్టినరోజుకు ఒక రోజు ముందుగా శుభాకాంక్షలు చెప్పకండి, ఇక్కడ దాన్ని అపశకునంగా భావిస్తారు. నేను మా ప్రయోగశాలలో చెప్పి, అందరి ముఖాలూ చూసి నీరుగారిపోయాను. కేకు కూడా పుట్టినరోజు ఎవరిదో వారే తెచ్చుకోవాలి. నా పుట్టినరోజున ఎవరో తెస్తారని సాయంత్రం దాకా ఎదురుచూశాను. వాళ్ళు కూడా పాపం నా కేకు కోసమే ఎదురుచూశారని తరువాత తెలిసింది.

ఫ్రాంక్‌ఫర్ట్ పాతకాపు:

పైన రాసిన పెద్దల మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఒక హెచ్చరిక అవసరమనిపించింది. వచ్చిన కొత్తలో మనం ప్రతి చిరాకునూ సంస్కృతి అనే సంచిలో వేసి, అన్నిటికీ మనమే తలవంచుతాము. నేను నాలుగేళ్ళు అలా చేశాను. మా పై ఇంటివారు మా మసాలా వాసన గురించి, మా పాప ఏడుపు గురించి వరుసగా చీటీలు పెట్టేవారు. మొదటి రెండింటికీ క్షమాపణ రాశాను. మూడోది వచ్చాక అద్దెదారుల సంఘంలో చేరి సలహా అడిగాను. రోజువారీ వంట వాసన, పసిపిల్లల ఏడుపు మామూలు జీవనంలో భాగమని, ఇరుగుపొరుగు సాధారణంగా వాటిని సహించవలసిందేనని వారు చెప్పారు. ఆ మాటనే మర్యాదగా, ‘స్నేహపూర్వక నమస్కారాలతో’ సహా, ఒక కాగితం మీద రాసి వారి పెట్టెలో వేశాను. చీటీలు ఆగిపోయాయి.

కాబట్టి నియమం ఉన్నచోట పాటించండి. నియమం లేనిచోట ఎదుటివారి ఇష్టాయిష్టాలు నియమం వేషంలో వస్తే గుర్తుపట్టండి. ఈ రెండింటినీ వేరు చేయడానికి హౌస్‌ఓర్డ్‌నుంగ్ చదవడం మినహా దగ్గరి దారి లేదు. మిఠాయి పట్టుకెళ్ళాలనుకుంటే పట్టుకెళ్ళండి కానీ, నేరం ఒప్పుకుంటున్నట్టు మాత్రం వెళ్ళకండి. కుక్కర్ కూత మీద ఏ దేశంలోనూ నిషేధం లేదు.

నెకార్ ఒడ్డు:

పాతకాపు గారూ, మీ అనుభవం కాదనను. కానీ ఒక్క చీటీకే సంఘం దాకా వెళ్ళమంటే ఈ అమ్మాయి హడలిపోతుంది. ముందు కిందికి దిగి ఏ చప్పుడో అడగనివ్వండి. అడిగేటప్పుడు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండమ్మా, వెళ్ళే ముందు ఒక కాగితం మీద రోజు, సమయం రాసి పెట్టెలో వేస్తే ఇంకా మంచిది. అనుకున్న సమయానికి పది నిమిషాలు ముందుగా కూడా వెళ్ళకండి.

ఖమ్మం కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. వెంటనే రాయలేకపోయాను. ముందుగా ఉత్తరాల పెట్టె చూశాను తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే నా పేరు లేదు. తెల్ల కాగితం మీద రాసి అంటించాను. మావారు మొన్న సోమవారం నాడు ‘శుక్రవారానికి కుదరదు’ అని చెప్పి వచ్చి, ఆ సాయంత్రమంతా ఫోను చూసుకుంటూనే ఉన్నారు. ఏ మెయిలూ రాలేదు.

ఇక చీటీ సంగతి. శనివారం మూడున్నరకు వస్తానని రాసి పెట్టెలో వేశాను. సరిగ్గా మూడున్నరకు గంట కొట్టాను. చేతిలో సున్నుండల డబ్బా ఉంది కానీ, పాతకాపు గారి మాట గుర్తుపెట్టుకుని ముందు ప్రశ్నే అడిగాను, ఏ చప్పుడండీ అని. ఆవిడ కాసేపు ఆలోచించి, చేత్తో గుండ్రంగా తిప్పి చూపిస్తూ, ‘ర్ ర్ ర్’ అన్నారు. ఆదివారం రాత్రుళ్ళు పది దాటాక అరగంటసేపు ఆవిడ పడకగది పైకప్పు నుంచి సన్నగా అదురు వస్తుందట, గాజు దీపం కదులుతుందట. అప్పుడు వెలిగింది నాకు. సోమవారం ఇడ్లీ కోసం నేను ఆదివారం రాత్రి గ్రైండరు వేస్తాను. వంటగదిలో చోటు లేక దాన్ని వెనక గదిలో నేల మీద పెట్టాను. సరిగ్గా ఆవిడ మంచానికి పైన.

కుక్కర్ గురించి అడిగితే, ఆ కూత ఎప్పుడూ విననేలేదన్నారు. మూడు వారాలకు పైగా నేను ఉడకబెట్టిన పప్పంతా వృథా అన్నమాట. పడకగది కిటికీ మూలలో ఒక నల్ల మచ్చ మాత్రం మిగిలింది. దాన్ని రోజూ తుడుస్తూ, మీరు చెప్పినట్టు కిటికీలు బార్లా తెరుస్తున్నాను.

గ్రైండరు ఎందుకో వివరించడానికి నా జర్మన్ సరిపోలేదు. శనివారం పగటిపూట వేసుకుంటానని, కింద మందపాటి రబ్బరు పరుపు వేస్తానని చెప్పగలిగాను. బట్టల యంత్రాల కింద వేసే పరుపు ఏ దుకాణంలో దొరుకుతుందో ఆవిడే రాసి ఇచ్చారు. కాఫీ తీసుకుంటారా అని అడిగితే ఈసారి ‘తీసుకుంటాను, చక్కెర రెండు చెంచాలు’ అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. సున్నుండ ఒకటి తిని, రెండోది వద్దన్నారు. నేను మళ్ళీ పెట్టలేదు, చెయ్యి మాత్రం డబ్బా దాకా వెళ్ళి ఆగింది.

లేచి వస్తుంటే తలుపు వెనక నుంచి ఒక చెక్క పలక తీసి నా చేతిలో పెట్టారు. ఆ పలకనే మొన్న నవంబరులో మా తలుపుకు తగిలిస్తే, అదేదో ప్రకటన అనుకుని మావారు తీసి మెట్ల మీద పెట్టారట. మా వంతు కూడా అప్పుడు ఆవిడే ఊడ్చారట, ఆ సంగతి చీటీలో రాయలేదు. సోమవారం నుంచి మళ్ళీ మాదే వంతు. సాయంత్రం నుంచి బయట మంచు పడుతోంది. కాలిబాట మీద మంచు ఉదయం ఏడింటికల్లా తీసేయాలన్నారు కానీ, పార నేలమాళిగలో ఎక్కడ ఉంటుందో అడగడం మరిచిపోయాను. ఇంకా ఎనిమిదే అయింది, కిందికి వెళ్ళి అడిగి వస్తాను.